పి0171 కోడ్: ఓ2 సెన్సార్ మార్చినా లీన్ అనే అంటోంది, ఇక ఎక్కడ వెతకాలి?

వేగం40:

అందరికీ నమస్తే. కొన్నాళ్లుగా వదలని తలనొప్పి ఇది, కాస్త ఓపిగ్గా చదవండి.

కారు 1.2 లీటర్ల పెట్రోలు, నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేరు. టర్బో లేదు, గ్యాస్ కిట్ లేదు. లక్ష కిలోమీటర్లకు దగ్గర పడింది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది గానీ ఐడ్లింగ్ కుదురుగా ఉండదు, ముల్లు 700కీ 1,000కీ మధ్య ఊగుతుంటుంది. వేడెక్కాక కొంచెం నయం. సిగ్నల్ దగ్గర ఆగి ఏసీ వేస్తే మాత్రం ఇంజిన్ ఆగిపోతుందేమో అన్నంతగా వణుకుతుంది. రెండో గేరులో మెల్లగా యాక్సిలరేటర్ తొక్కితే ముందు ఒక జర్కు, తర్వాత మామూలే. స్పీడందుకున్నాక ఏ ఇబ్బందీ లేదు.

చెక్ ఇంజిన్ లైటు వెలిగిందని వర్క్‌షాపుకి తీసుకెళ్తే స్కానర్ పెట్టారు. పి0171, సిస్టమ్ టూ లీన్, బ్యాంక్ 1; అంటే గాలికి తగినంత పెట్రోలు లేదని. పొగలో ఆక్సిజన్ చూసే ఓ2 సెన్సార్ పోయిందన్నారు, కొత్తది వేసి లైటు ఆర్పి ఇచ్చారు. మళ్ళీ వెలిగింది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు. మళ్ళీ వెలిగింది. ఇప్పుడు ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలంటున్నారు. అక్కడ బ్రేకు వేసి, ఒక బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ కొనుక్కుని ఫోన్లో నేనే చూడటం మొదలుపెట్టాను.

వేడెక్కాక ఐడిల్‌లో షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు సవరణ, శాతంలో) +7కీ +10కీ మధ్య ఆడుతోంది, లాంగ్ టర్మ్ +18. బండి నిలబెట్టే 2,500 ఆర్‌పీఎం పట్టి ఉంచితే షార్ట్ +2, లాంగ్ +6. కోడ్ పడినప్పటి ఫ్రీజ్ ఫ్రేమ్‌లో 810 ఆర్‌పీఎం, కూలెంట్ 84 డిగ్రీలు, స్పీడు సున్నా అని ఉంది.

ఈ అంకెల్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఇంజెక్టర్లు మార్పించాలా వద్దా?

రెండో గేరు:

బ్రో, మార్చే ముందు ఫ్యూయల్ సిస్టమ్ క్లీనర్ ట్యాంకులో పోసి హైవే మీద ఒక మంచి రౌండు వేసి చూడు. ఇంజెక్టర్లు మూసుకుపోయినా ఇదే కోడ్ వస్తుంది. మా ఫ్రెండు బండికి అలాగే పోయింది.

పాత స్పానర్:

ఇంజెక్టర్ల జోలికి ఇప్పుడే వెళ్ళకు తమ్ముడూ. క్లీనర్ పోస్తే నష్టమేం లేదు, కానీ నీ బండికి ఉపయోగమూ ఉండదు. నువ్విచ్చిన అంకెల్లోనే సగం జవాబుంది.

పి0171 అనేది ఉత్త ఫిర్యాదు కాగితం. దొంగతనం జరిగిందని రాసిస్తుందే గానీ దొంగ పేరు రాయదు. మీ వర్క్‌షాపులో ఫిర్యాదు ఇచ్చినవాణ్ణే పట్టుకుని లోపలేశారు. పాపం ఆ ఓ2 సెన్సార్ చెప్పిందల్లా ఒక్కటే: మండగా మిగిలిన వాయువులో ఆక్సిజన్ ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంది, అని.

ట్రిమ్ సంగతి చూద్దాం. ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, లోపలికొచ్చే గాలిని కొలిచి, దానికెంత పెట్రోలు కావాలో లెక్కగట్టి, ఇంజెక్టర్లని అన్ని మిల్లీసెకన్లు తెరుస్తుంది. కేజీ పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కేజీల గాలి కావాలి, ఆ నిష్పత్తి చుట్టూనే దాని తిప్పలన్నీ. సెన్సార్ లీన్ అంటే పెంచుతుంది, రిచ్ (పెట్రోలు ఎక్కువ) అంటే తగ్గిస్తుంది. అప్పటికప్పుడు చేసే సవరణ షార్ట్ టర్మ్. అది చాలాసేపు ఒకే వైపు ఉండిపోతే లాంగ్ టర్మ్‌లోకి ఎక్కుతుంది. అందుకే రెండూ కూడి చూడాలి. ప్లస్సో మైనస్సో 5 లోపుంటే నేను పట్టించుకోను, 10 దాటితే వెతుకుతాను. నీది ఐడిల్‌లో 27 దాకా పోయింది, 2,500 దగ్గర 8కి దిగింది.

ఈ దిగడమే అసలు కబురు. పంపు నీరసించినా, ఫిల్టర్ మూసుకుపోయినా పెట్రోలు వాడకం పెరిగేకొద్దీ లోటు పెరుగుతుంది. ఇంజెక్టర్లలో మడ్డి పట్టినా ఐడిల్‌లో ఇరవై ఏడు చూపించి, పైన ఎనిమిదికి తగ్గి మంచిబుద్ధి తెచ్చుకోదు. నీకు వరస తిరగబడింది. కొలత దాటాక ఎక్కడో దొంగగాలి దూరుతోందని నా అనుమానం.

అనుమానం అనే ఎందుకన్నానంటే, ముందు ఒక విషయం తేలాలి. నీ ఇంజిన్ గాలిని ఎలా కొలుస్తోంది? మ్యాఫ్‌తోనా, మ్యాప్‌తోనా? మ్యాఫ్ అయితే ఫిల్టర్ దాటి వెళ్ళే గాలిని గ్రాముల్లో కొలుస్తుంది; ఆ తర్వాత దూరే గాలి దాని లెక్కలోకి రాదు, ట్రిమ్ ఆకాశానికి పోతుంది. మ్యాప్ కొలిచేది మానిఫోల్డ్, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల గుత్తి, లోపలి ప్రెషర్‌ని. దొంగగాలి దూరినా ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి ఈసీయూ దానికీ పెట్రోలు పోసేస్తుంది. అలాంటి బండికి వాక్యూమ్ లీకుంటే ఐడ్లింగ్ ఎక్కువైపోతుంది గానీ ట్రిమ్ ఇంతగా పెరగదు. ఇది తెలీక మ్యాప్ బండిలో గొట్టాలన్నీ పీకి చూసేవాళ్ళున్నారు.

ఫోన్ యాప్‌ని చూసి తేల్చకు. కొన్ని యాప్‌లు మ్యాప్ రీడింగ్ తీసుకుని గ్రాములు తామే లెక్కగట్టి చూపిస్తాయి. బానెట్ ఎత్తు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే పైపులోకి దిగిన చిన్న ప్లాస్టిక్ ముక్క, దానికి నాలుగైదు వైర్లుంటే మ్యాఫ్. రెండే వైర్లుంటే అది గాలి టెంపరేచర్ సెన్సార్ మాత్రమే. ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీదే కూర్చుని మూడో నాలుగో వైర్లుంటే మ్యాప్. రెండూ ఉన్న బళ్ళూ లేకపోలేదు.

వేగం40:

ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్ పాత స్పానర్ గారూ. చూశాను: ఫిల్టర్ డబ్బా పక్కనే ఉంది, ఐదు వైర్లు. మానిఫోల్డ్ మీద మరేదీ కనబడలేదు. ఏసీ ఆపి, హెడ్‌లైట్లు ఆపి చూస్తే ఐడిల్‌లో సెకనుకి 1.5 గ్రాములు, 2,500 దగ్గర 5.4.

పాత స్పానర్:

శభాష్. కాగితం కలం తీసుకో, ఇంజిన్ ముట్టుకోకుండానే ఇంకాస్త దూరం పోవచ్చు.

ఈసీయూ 1.5 గ్రాముల గాలి అనుకుంటోంది, కానీ పెట్రోలు 27 శాతం ఎక్కువ పోస్తే గానీ సరిపోవడం లేదు. అంటే నిజంగా వచ్చింది 1.5 ఇంటూ 1.27, దాదాపు 1.9 గ్రాములు. తేడా 0.4. ఇప్పుడు 2,500 దగ్గర: 5.4లో 8 శాతం ఎంత? 0.43. రెండు చోట్లా శాతం వేరు, గ్రాములు మాత్రం ఒకటే. మ్యాఫ్ వైరుకి దుమ్ము పట్టి తక్కువ చూపిస్తుంటే గ్రాములు ఇలా కలవవు, గాలి పెరిగేకొద్దీ లోటూ పెరుగుతుంది.

గ్రాములు ఎందుకు మారలేదంటావా? మానిఫోల్డ్ లోపలి ప్రెషర్ బయటి ప్రెషర్‌లో దాదాపు సగానికి దిగువన ఉన్నంతవరకూ ఒక రంధ్రంలోంచి దూరే గాలి పెరగదు, తరగదు. లోపల ఇంకెంత వాక్యూమ్ ఉన్నా అంతే. ఐడిల్‌లో మామూలుగా 30, 35 కిలోపాస్కల్స్ ఉంటుంది, లోడ్ లేకుండా 2,500 తిప్పినా అటూ ఇటుగా అంతే. కాబట్టి రంధ్రం తన 0.4 తాను పీలుస్తూనే ఉంటుంది. రోడ్డు మీద 15 గ్రాములు నడుస్తున్నప్పుడు అది మూడు శాతమైనా కాదు, అందుకే స్పీడులో నీకు ఏమీ తెలియడం లేదు.

1.2 లీటర్ల ఇంజిన్ వేడిగా, ఖాళీగా ఉన్నప్పుడు సుమారుగా 2 గ్రాముల దగ్గర పీల్చాలి. ఉజ్జాయింపు లెక్కే, కానీ 1.9 దానికి సరిగ్గా పక్కన కూర్చుంది. 1.5 అనేదే తక్కువ.

మల్టీమీటర్ అక్క:

లెక్క ముచ్చటగా ఉంది. అయినా గొట్టాల వేట మొదలుపెట్టే ముందు రెండు విషయాలు కొట్టేసుకుంటే మంచిది, ఎందుకంటే ఐడిల్‌లో ఎక్కువ, పైన తక్కువ అనే వరస వాక్యూమ్ లీకుకి మాత్రమే పరిమితం కాదు.

మొదటిది ఎగ్జాస్ట్ లీకు. హెడ్‌కీ ముందు ఓ2 సెన్సార్‌కీ మధ్య పగులు గానీ, గాస్కెట్ దగ్గర సందు గానీ ఉంటే, పొగ బయటికి కొట్టే ప్రతి దెబ్బకీ దెబ్బకీ మధ్య అదే సందులోంచి బయటిగాలి లోపలికి లాక్కుంటుంది. సెన్సార్ ఆ ఆక్సిజన్‌ని చూసి లీన్ అంటుంది. ఇదీ ఐడిల్‌లోనే ఎక్కువ. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చెవి పెట్టి వినండి, టిక్ టిక్ అని ఉండి వేడెక్కాక తగ్గుతుందా? గాస్కెట్ అంచున నల్లటి మసి చార ఉందా? ఇంకో మాట. ఇది అబద్ధపు లీన్ కాబట్టి ఇంజిన్ నిజానికి రిచ్‌గా నడుస్తుంటుంది, ప్లగ్గులు నల్లగా మసి పడతాయి. మీ ప్లగ్గులు కొత్తవి కాబట్టి విప్పితే ఇట్టే తెలుస్తుంది.

రెండోది మిస్‌ఫైర్. ఒక సిలిండర్లో స్పార్క్ సరిగ్గా పడకపోతే పెట్రోలూ గాలీ రెండూ మండకుండా బయటికి పోతాయి. ఓ2 సెన్సార్‌కి పెట్రోలు కనబడదు, ఆక్సిజనే కనబడుతుంది. లీన్ అంటుంది. ఈసీయూ అన్ని సిలిండర్లకీ పెట్రోలు పెంచుతుంది, ఆరోగ్యంగా ఉన్న మూడూ రిచ్ అయిపోతాయి. పి0300 నుంచి పి0304 వరకు ఏదైనా పెండింగ్‌లో ఉందేమో చూడండి.

కొత్త సెన్సార్‌ని కూడా ఒకసారి పరీక్షించండి. వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య ఊగుతుంటే న్యారోబ్యాండ్. ఐడిల్‌లో ఉండగా ఎయిర్ పైపులోకి కొంచెం కార్బ్ క్లీనర్ చిమ్మితే వెంటనే 0.8 దాటాలి. ఒక సన్నటి వాక్యూమ్ గొట్టం పీకితే 0.2 దిగువకి పడాలి. రెండువైపులా టక్కున స్పందిస్తే దాని మీద అనుమానం వదిలేయండి. వైడ్‌బ్యాండ్ అయితే వోల్టులు కంపెనీకో తీరుగా ఉంటాయి, అప్పుడు లాంబ్డా (ఉన్న గాలికీ కావాల్సిన గాలికీ నిష్పత్తి) చూడాలి: 1కి పైన లీన్, కింద రిచ్. క్లీనర్‌కి నిప్పంటుకునే గుణం ఉంది, వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వైపు చిమ్మకండి. మ్యాఫ్‌కి ముందు కూడా చిమ్మొద్దు, అది దాటాకే.

పాత స్పానర్:

అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఎగ్జాస్ట్ లీకే అయితే మ్యాఫ్ అబద్ధం చెప్పాల్సిన పని లేదు, 2 గ్రాములు చూపిస్తూనే ట్రిమ్ పెరగాలి. 1.5 అని ఉంది కాబట్టి నా ఓటు ఇప్పటికీ దొంగగాలికే. అయినా ప్లగ్గు విప్పి చూడటం పది నిమిషాల పని, చూసెయ్.

ఇక వేట. స్ప్రే డబ్బా పట్టుకుని ఇంజినంతా తడిపే పద్ధతి నాకు నచ్చదు. నిప్పు భయం ఒకటి, పైగా ఆవిరి ఫ్యాన్ గాలికి ఎటో పోయి ఎక్కడి నుంచో లోపలికి దూరి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. నేను ముందు గొట్టాలు నొక్కుతాను. ఇంజిన్ వేడిగా, ఐడిల్‌లో, ఫోన్లో షార్ట్ టర్మ్ తెరిచి పెట్టుకుని, మానిఫోల్డ్‌లోకి వెళ్ళే రబ్బరు గొట్టాల్ని ఒక్కొక్కటిగా హోస్ ప్లయర్‌తో నొక్కి మూసెయ్. అది లేకపోతే మామూలు ప్లయర్ మూతికి గుడ్డ చుట్టు. గట్టి ప్లాస్టిక్ పైపుల్ని నొక్కకు, విరుగుతాయి. వాటిని ఊడదీసి మానిఫోల్డ్ వైపు రంధ్రానికి రబ్బరు మూత పెట్టాలి.

లీకున్న గొట్టం మూసుకోగానే షార్ట్ టర్మ్ +9 నుంచి సున్నాకి వచ్చి ఆగుతుందనుకుంటావేమో, ఆగదు. లాంగ్ టర్మ్ ఇంకా +18 పోస్తూనే ఉంటుంది కదా, దాన్ని రద్దు చేయడానికి షార్ట్ టర్మ్ మైనస్ పదిహేను, పద్దెనిమిది దాకా పడాలి. రెండూ కూడితే సున్నా దగ్గర తేలాలి. నాలుగైదు అంకెలు అటూ ఇటూ కదిలితే లెక్క కాదు.

వరస ఇలా పట్టుకో. బ్రేక్ బూస్టర్ గొట్టం. తర్వాత ట్యాంకు ఆవిర్ల పర్జ్ వాల్వ్ నుంచి వచ్చేది. ఆ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోతే ఐడిల్‌లో కూడా లాగుతూనే ఉంటుంది, పెట్రోలు కొట్టించిన వెంటనే స్టార్టింగ్ కష్టమవుతుంటే అనుమానం దాని మీదే. తర్వాత పీసీవీ, అంటే ఇంజిన్ లోపలి ఆవిరిని మానిఫోల్డ్‌లోకి లాగే గొట్టం. గొట్టాల్లో దొరక్కపోతే మానిఫోల్డ్ గాస్కెట్, ఇంజెక్టర్ల కింది రబ్బరు రింగులు, త్రాటిల్ బాడీ కింద గాస్కెట్. వాటికి స్ప్రే బాటిల్లో నీళ్ళు పోసి సన్నగా చిమ్ము, కాయిల్స్‌కీ కనెక్టర్లకీ దూరంగా. లీకున్న చోట నీళ్ళు లోపలికి గుటక పడినట్టు శబ్దం మారుతుంది.

మ్యాఫ్‌కీ త్రాటిల్‌కీ మధ్యనున్న మడతల రబ్బరు పైపుని చేత్తో వంచి కింది వైపు కూడా చూడు. పగుళ్ళు ఎప్పుడూ మడత లోయలోనే ఉంటాయి, పైనుంచి చూస్తే కొత్తదానిలా మెరుస్తుంటుంది. కాకపోతే అక్కడ వాక్యూమ్ దాదాపు ఉండదు, అది చిరిగితే యాక్సిలరేటర్ తొక్కి ఇంజిన్ ఒరిగినప్పుడు ఎక్కువ తెలుస్తుంది. నీ బండి తీరు అది కాదు.

బెల్టు దగ్గర చేతులు జాగ్రత్త. రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది.

రెండో గేరు:

స్మోక్ టెస్ట్ చేయిస్తే అయిపోతుంది కదా అన్నా, ఇంత కష్టమెందుకు?

పాత స్పానర్:

మెషీన్ ఉన్నవాడు దగ్గర్లో ఉంటే అదే మేలు. ఇన్‌టేక్‌లోకి చాలా తక్కువ ప్రెషర్‌తో, ఒక పీఎస్ఐ లోపే, పొగ పంపిస్తే లీకున్న చోట తీగలా బయటికొస్తుంది. కానీ ఇంజిన్ ఆగి, చల్లగా ఉన్నప్పుడు చేస్తారు. వేడికి తెరుచుకునే పగులో, వాక్యూమ్ లాగితేనే విచ్చుకునే చీలికో ఉంటే పొగ రాకపోవచ్చు. అందుకని పొగ రాలేదంటే లీకు లేదని నేను సంతకం పెట్టను. ట్రిమ్ చూస్తూ నొక్కడానికి ఖర్చూ లేదు.

వేగం40:

ఆదివారమంతా బానెట్ కిందే ఉన్నాను, ఇంట్లో అక్షింతలు పడ్డాయి.

మిస్‌ఫైర్ కోడ్‌లు లేవు. రెండో సిలిండర్ ప్లగ్గు విప్పాను, మసి లేదు, తెల్లగా ఉంది. క్లీనర్ చిమ్మితే సెన్సార్ 0.85కి ఎగిరింది. బూస్టర్ గొట్టం నొక్కితే మార్పు లేదు. పర్జ్ గొట్టం నొక్కినా అంతే. గాస్కెట్ పొడవునా నీళ్ళు కొట్టాను, ఏమీ కాలేదు.

పీసీవీ దగ్గర ఆగిపోయాను. వాల్వ్ పైన కవర్ మీద కనబడుతోంది గానీ దాని గొట్టం మానిఫోల్డ్ కిందికి దిగిపోయింది, ప్లయర్ పట్టదు. ఒక వింత మాత్రం గమనించాను. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ క్యాప్ తీస్తే ఐడ్లింగ్ మారుతుందని ఎక్కడో విన్నాను. నాది తీసినా ఏమీ మారలేదు. మంచిదేగా?

పాత స్పానర్:

మంచిది కాదు, అదే నీ దొంగ.

బాగున్న మ్యాఫ్ బండిలో పీసీవీ ఇంజిన్ లోపలి నుంచి ఎప్పుడూ కొంచెం లాగుతుంటుంది. ఆయిల్ క్యాప్ తీస్తే ఆ లాగుడికి కొలత లేని గాలి దొరికి ఐడ్లింగ్ తడబడుతుంది. నీకు తేడా రాలేదంటే లాగుడు ఇంజిన్ దాకా అందడం లేదన్నమాట. ఒకటి, వాల్వ్ మూసుకుపోయుండాలి. లేదా గొట్టం మధ్యలో చిరిగి, ఇంజిన్ బదులు బయటిగాలినే తాగుతుండాలి. వాల్వ్ మూసుకుపోతే దొంగగాలి ఉండదు. నీకు ఉంది. ఇక ఏది మిగిలింది?

ఆ గొట్టం కింద వంపు తిరిగే చోట చూడు. ఆయిల్ ఆవిరికి నాని నాని రబ్బరు అక్కడ ముందు మెత్తబడుతుంది, ఆ తర్వాత విచ్చుకుంటుంది. కన్ను పట్టదు గానీ ఫోన్ పడుతుంది: లైటు వేసి, వీడియో ఆన్ చేసి మానిఫోల్డ్ వెనక్కి దించు.

వేగం40:

దొరికింది!

వీడియోలో ముందేమీ అర్థం కాలేదు, అంతా నల్లగా జిడ్డు. ఆపి ఆపి చూస్తే వంపు లోపలి వైపు పొడవాటి చీలిక, గోరు దూరేంత. ఆ చుట్టూ మాత్రం దుమ్ము లేకుండా శుభ్రంగా ఉంది. ఇంజిన్ ఆన్ చేసి కింద నుంచి చెయ్యి పెట్టి వేలితో మూశాను. సన్నగా బుస్సుమనే చప్పుడు ఆగింది. అంతకుముందు అలాంటి చప్పుడొకటి ఉందనే నాకు తెలీదు. షార్ట్ టర్మ్ మైనస్ 16. మ్యాఫ్ 1.9.

గొట్టం, వాల్వ్ రెండూ ఆర్డర్ పెట్టాను. అంతవరకు టేపు చుట్టి నడపొచ్చా?

పాత స్పానర్:

ఆయిల్ జిడ్డు మీద టేపు నిలవదు, ఊడి లోపలికి లాక్కుంటే ఇంకో గొడవ. గొట్టం వచ్చేదాకా అలాగే మెల్లగా తిప్పు. ఐడిల్‌లో లీన్ చికాకు పెడుతుందే గానీ ఇంజిన్‌ని చంపదు. వాల్వులు, పిస్టన్లు కాలేది ఫుల్ లోడ్ మీద లీన్ అయితే.

మార్చాక కోడ్‌తో పాటు నేర్చుకున్న ట్రిమ్ కూడా చెరిపెయ్. స్కానర్‌తో కోడ్ క్లియర్ చేస్తే చాలా బళ్ళలో రెండూ పోతాయి. చెరపకపోతే కొంతసేపు +18 పోస్తూ ఈసారి రిచ్‌గా నడుస్తుంది, అదీ తనంతట తానే దిగుతుందిలే.

నాలుగో సిలిండర్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ పి0171నే, కానీ వరస వేరు. మ్యాప్ ఇంజిన్, 1.5 లీటర్లు. ఐడిల్‌లో రెండు ట్రిమ్‌లూ కలిపి +3. హైవే మీద 100 దాటాక +22. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఎవరో వెనక్కి లాగినట్టుంటుంది. ఈమధ్య ఇథనాల్ ఎక్కువ కలిపిన పెట్రోలు పోస్తున్నాను, దానివల్ల కావచ్చా?

మల్టీమీటర్ అక్క:

ఇథనాల్‌కి ట్రిమ్ కొంత పెరగడం నిజమే. కేజీ ఇథనాల్ మండటానికి 9 కేజీల గాలి చాలు, కాబట్టి అదే గాలికి ఇంధనం ఎక్కువ పట్టాలి. కానీ ఆ పెరుగుదల ఐడిల్‌లోనూ హైవేలోనూ దాదాపు సమానంగా కనబడాలి. 3 నుంచి 22కి ఎగబాకడం ఇథనాల్ పని కాదు. మీది పెట్రోలు అందని కేసు. పైన అన్న చెప్పిన ఫుల్ లోడ్ ప్రమాదం మీకు వర్తిస్తుంది, తేలేవరకు గట్టిగా తొక్కకండి.

ముందు ఒక పరీక్ష. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి ఫోన్ వాళ్ళకివ్వండి, ఖాళీ రోడ్డు మీద కొద్ది సెకన్లు మాత్రం పూర్తిగా తొక్కండి. ఆ సమయంలో ఈసీయూ ట్రిమ్‌ని పక్కనబెట్టి కావాలనే రిచ్‌గా పోస్తుంది, న్యారోబ్యాండ్ సెన్సార్ 0.85 పైన నిలబడాలి. నిలబడకుండా 0.1, 0.2కి జారిపోతే పెట్రోలు చాలడం లేదని రుజువైనట్టే, వెంటనే కాలు తీసేయండి.

ఆ తర్వాత ప్రెషర్ గేజ్. మామూలు పోర్ట్ ఇంజెక్షన్ బళ్ళలో 3 నుంచి 4 బార్ దాకా ఉంటుంది, మీ బండి మాన్యువల్లో ఉన్న అంకెతో పోల్చండి. ఐడిల్‌లో సరిగ్గా ఉండి లోడ్ మీద పడిపోతే పంపో, ఫిల్టరో, ట్యాంకులో పంపు మూతికుండే జాలో. డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే ఇంజిన్ వైపు పైపు మాత్రం విప్పకండి, అక్కడి ప్రెషర్ చర్మాన్ని చీలుస్తుంది.

పంపు మార్చేద్దాం అనేముందు నా కోసం ఒక పని చేయండి. పంపు నడుస్తుండగా దాని కనెక్టర్ దగ్గరే వోల్టేజీ కొలవండి, ఊడదీసి కాదు. బ్యాటరీ దగ్గర 14 ఉంటే అక్కడ 13 పైన ఉండాలి. 11 కనబడితే పంపు తప్పేం లేదు, తుప్పు పట్టిన ఎర్త్ పాయింటో, కాలిన రిలే కాంటాక్టో మధ్యలో తినేస్తోంది. మీటర్ ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది పంపు ఎర్త్ వైరు మీద పెట్టండి, 0.2 వోల్టులు మించితే ఎర్త్ దగ్గరే మొదలుపెట్టండి. పంపుకిచ్చే కరెంటుని ఈసీయూ తగ్గించి పెంచే బళ్ళలో మాత్రం ఈ లెక్క పనికిరాదు, అక్కడ కంట్రోల్ మాడ్యూల్ దాకా వచ్చే వోల్టేజీ చూడాలి.

నాలుగో సిలిండర్:

మాడ్యూల్ లాంటిదేమీ లేదక్కా, మామూలు రిలేనే. వెనక సీటు కింద కనెక్టర్ ఉంది. కొలిచాను, ఇంజిన్ నడుస్తుండగా 11.4. బ్యాటరీ దగ్గర 14.1. ఎర్త్ వైపు 0.1 మాత్రమే.

మల్టీమీటర్ అక్క:

అయితే పోయేది పాజిటివ్ వైపు. రిలే ఊడదీసి కాళ్ళు చూడండి, ఏదైనా ఒకటి నీలంగా మారిందా, సాకెట్ ప్లాస్టిక్ కరిగిందా? అక్కడ బాగుంటే ఫ్యూజు రెండు వైపులా కొలిచి రాయండి.

వేగం40:

కొత్త గొట్టం, వాల్వ్ వేశాను. ఐడిల్‌లో లాంగ్ టర్మ్ +2, షార్ట్ సున్నా చుట్టూ ఆడుతోంది. మ్యాఫ్ 1.9. ఏసీ వేసినా ముల్లు కదలడం లేదు. ఆయిల్ క్యాప్ తీసి చూశాను, ఇంజిన్ తడబడి ఆగిపోబోయింది.

పాత ఓ2 సెన్సార్ డిక్కీలోనే ఉంది. దాచుకోవచ్చా?

పాత స్పానర్:

దాచుకో. అది బాగానే ఉంది.